సున్నం వేసిన గోడ

మా ముగ్గురిలో ఎవరికీ బొమ్మల గురించి పెద్దగా తెలియదు. నేను సత్తెనపల్లి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండోవాడు గుంటూరు బ్రాడీపేటలో ఫ్లెక్సీలు వేసే షాపు నడుపుతాడు. మూడోవాడు ఒంగోలు కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్. డిగ్రీ రోజుల్లో గుంటూరులో ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడు ముగ్గురికీ యాభై దాటాయి. ఏడాదికి రెండు మూడుసార్లు ఏదో ఒక పని వంక పెట్టుకుని కలుస్తాం. భోంచేస్తాం, ఒకరి బీపీ గురించి ఒకరం అడుగుతాం, ఎవరి బస్సు వాళ్ళం ఎక్కుతాం.

ఆ రెండో శనివారం వంక, ఇన్‌స్పెక్టర్ మోకాలు. స్తంభాలెక్కీ ఎక్కీ అరిగిపోయిందని డాక్టరు చెప్పాడు. మందుల చీటీ పట్టుకుని వాడు షాపుకి వచ్చేసరికి పన్నెండు కూడా కాలేదు.

"భోజనానికి ఇంకా టైముందిరా. బొమ్మల ఎగ్జిబిషన్ ఉంది, చూసొద్దామా?" అన్నాడు షాపు మిత్రుడు.

ఆ ఎగ్జిబిషన్ బ్యానర్లు వేసింది వాడే. బొమ్మల పక్కన అంటించే చీటీలు కూడా వాడి మిషన్ మీదే వచ్చాయి. షాపులో టైపు చేసే అమ్మాయి ఒత్తులు మింగేస్తుందని, అంతకు రెండు రోజుల ముందు ఆ చీటీలన్నీ నాకు వాట్సాప్‌లో పంపి దిద్దించుకున్నాడు. కాబట్టి బొమ్మలు చూడకముందే వాటి పేర్లన్నీ నాకు తెలుసు. "తాలుకాయల ఏరివేత", "పత్తి మూటల మీద నిద్ర", "కొత్తపట్నం పడవ" ఇలాంటివి. చిత్రకారుడి పేరు మాత్రం అప్పుడే మొదటిసారి వినడం. పల్లెల్లో బోర్డులు, పురుగుమందుల గోడ ప్రకటనలు రాసి బతికిన మనిషి. పోయి చాలా ఏళ్ళయింది. ట్రంకు పెట్టెల్లో ఉన్న బొమ్మలను ఆయన కూతురు బయటికి తీసిందట.

"మా నాన్నకి బాగా తెలుసురా ఆయన. ఇద్దరూ ఒకే కొట్లో రంగులు కొనేవాళ్ళు" అన్నాడు షాపు మిత్రుడు. వాళ్ళ నాన్న కూడా బోర్డులు రాసేవాడు. మసీదు మీద ఉర్దూ, బడి మీద తెలుగు, రెండూ ఒకే కుంచెతో. ఆ కుంచెల్ని మూలకి నెట్టిన ఫ్లెక్సీ మిషన్‌నే కొడుకు కొన్నాడు. ఆ సంగతి వాడు దాచడు, దాని గురించి బాధపడుతున్నట్టూ కనిపించడు.

ఆటోలో మ్యూజియానికి వెళ్ళాం. కింద పాత రాతి శిల్పాలు, మేడ మీద బొమ్మలు. మెట్ల దగ్గర ఇన్‌స్పెక్టర్ అలవాటు కొద్దీ చెప్పులు విప్పబోతే, కాపలాదారు "అక్కర్లేదు సార్, గుడి కాదు" అన్నాడు. హాల్లో మేము కాక ఇద్దరు కాలేజీ అమ్మాయిలున్నారు. తలుపు పక్కన బల్ల దగ్గర, సందర్శకుల పుస్తకం ముందు పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. ఆవిడే చిత్రకారుడి కూతురు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

బొమ్మలు నేను అనుకున్నట్టు లేవు. మిరప కల్లం అంటే ఎర్రగా మెరిసిపోతుందని అనుకున్నాను. ఇక్కడ ఎరుపు తక్కువ, దుమ్ము ఎక్కువ. ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ తలలు, పాపిళ్ళు, వీపులు కనిపిస్తున్నాయి తప్ప ముఖాలు కనపడవు. పత్తి తీసేవాళ్ళ ఒళ్ళో మూటలు తెల్లగా ఉబ్బి ఉన్నాయి, కాళ్ళు కనపడవు. ఏ బొమ్మ చూసినా అంతే. ఎందుకలా ఉన్నాయో నాకు అర్థం కాలేదు.

ఇన్‌స్పెక్టరే చెప్పాడు. "ఇదంతా స్తంభం మీద నుంచి చూసినట్టుందిరా. పైకెక్కితే మనుషులు ఇలాగే కనపడతారు."

"స్తంభం కాదు, నిచ్చెన. గోడ మీద రాసేవాడు మెడ తిప్పి చూస్తే కనపడేది ఇదే" అన్నాడు షాపు మిత్రుడు.

ఆ తర్వాత నాకు బొమ్మలు కొంచెం తేలికయ్యాయి. షాపు మిత్రుడు వెనక్కి వెళ్ళి బొమ్మల్లో ఎక్కడైనా అక్షరాలున్నాయేమోనని వెతుకుతున్నాడు. ఎరువుల బస్తా మీద సగం కనపడే "యూ" చూపించి, "ఈ కొమ్ము చూడు, ఒక్క ఊపులో లాగాడు" అన్నాడు. నేను చీటీల్లో తప్పులేమైనా మిగిలాయేమో చూస్తున్నాను. ఇన్‌స్పెక్టర్ మా ఇద్దరికంటే ముందు నడుస్తూ హాలు చివరికి వెళ్ళాడు. కాసేపటికి చూస్తే అక్కడే నిలబడి ఉన్నాడు.

అది రంగుల బొమ్మ కాదు. పెద్ద కాగితం మీద పెన్సిలుతో, పలుచటి నీలం రంగుతో వేసిన నమూనా. అయిదు రొట్టెలు, రెండు చేపలతో అయిదువేల మందికి ప్రభువు భోజనం పెట్టిన ఘట్టం. కానీ నేల నల్లరేగడి నేల. జనం పంచెలు, చీరలు కట్టుకున్నవాళ్ళు. వరసల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ప్రభువు ఎడమ పక్కన, కొంచెం వెనక్కి తిరిగి ఉన్నాడు. మధ్యలో ఒక ఆడమనిషి మిరపకాయల గంపలోంచి రొట్టెలు తీసి అందిస్తోంది. ఈ ఒక్క దానిలోనే అందరికీ ముఖాలున్నాయి.

పక్కన చీటీ నేను దిద్దినదే. "చర్చి గోడ చిత్రానికి నమూనా. మూల చిత్రం వర్షాలకు పాడైపోయింది." వర్షాలకు అన్న మాటలో షకారం తప్పు పడితే సరిచేశాను.

"వర్షం కాదురా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏంటి?"

"వర్షం కాదు. నేను."

మెట్ల మీద కూర్చుని చెప్పాడు. ఒకే గదిలో మూడేళ్ళున్నా మాకు ఎప్పుడూ చెప్పని సంగతి అది.

వాడిది ఒంగోలుకి ఉత్తరాన నల్లరేగడి పల్లె. వాళ్ళ నాన్న కూలిపనులు చేస్తూనే చర్చి కమిటీలో పెద్దగా ఉండేవాడు. కొత్తగా కట్టిన చర్చి లోపలి గోడ మీద బొమ్మ వేయమని ఆ చిత్రకారుడిని పిలిచారు. ఆయన నెల రోజులు ఆ ఊళ్ళోనే ఉండి, ఊరి మనుషులనే నిలబెట్టి, కూర్చోబెట్టి బొమ్మ వేశాడు. మధ్యలో రొట్టెలు పంచే మనిషికి వాడి మేనత్త ముఖం పెట్టాడు. ఆమె అప్పటికి మొగుణ్ణి వదిలేసి అన్నగారింటికి వచ్చి ఉంటోంది.

"ముందు అందరూ బాగుందనే అన్నారు. నెల తిరక్కుండానే మొదలైంది. నన్ను వెనక వరసలో కూర్చోబెట్టాడేంటని ఒకడు. ప్రభువుని మూలకి నెట్టి ఆడమనిషిని మధ్యలో పెట్టాడేంటని ఇంకొకడు. అసలు సంగతి అది కాదులే. ఆయనకీ మా అత్తకీ ఏదో ఉందని పుట్టించారు. మొగుణ్ణి వదిలేసిన మనిషి గదా, ఎవరైనా నమ్ముతారు. మా నాన్న తల ఎత్తుకోలేకపోయాడు. క్రిస్మస్‌కి ముందు సున్నం వేయించాలని కమిటీ చేత తీర్మానం చేయించింది మా నాన్నే."

"నువ్వు వేశావా?" అని అడిగాను.

"ఇంటర్ చదువుతున్నా. నాకూ కోపంగానే ఉంది, కాలేజీలో కూడా అంటున్నారని. నేనే వేస్తానన్నా. నిచ్చెనెక్కి ముందు మా అత్త ముఖం మీదే పెట్టా కుంచె. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చూస్తానే ఉంది. ఏడవలేదు. 'రెండు కోటింగులు వెయ్యిరా, ఒకటైతే ఆరినాక మళ్ళీ బయటికొస్తది' అంది. అంతే. ఆ తర్వాత కొత్తపట్నంలో మిషన్ హాస్టల్లో వంటపనికి వెళ్ళిపోయింది."

పదిహేడేళ్ళ కుర్రాడు చేసిన పనికి యాభై ఏళ్ళ మనిషిని ఓదార్చడం ఎలాగో నాకు తెలియదు. "ఆవిడ ఉన్నారా?" అని మాత్రం అడిగాను.

"ఉంది. అక్కడే. పెళ్ళిళ్ళలో, చావుల్లో కనపడుతుంది. బాగున్నావా అంటే బాగున్నా అంటుంది."

వాడు లేచి, మోకాలు పట్టుకుని, నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళాడు. మేము వెనకాలే వెళ్ళాం. "అమ్మా, ఆ చర్చి బొమ్మ వానకి పోలేదండి. దాని మీద సున్నం వేసింది నేనేనండి" అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు తీసి వాడి వంక చూసింది. కోపం వస్తుందనుకున్నాను. "నాన్న వర్షం అనే చెప్పాడండీ మాకు. ఎప్పుడడిగినా వర్షమే అన్నాడు" అంది. ఆ గోడను మళ్ళీ చూడటానికి వీలవుతుందా అని అడిగింది. చర్చి పెద్దది చేసినప్పుడు ఆ గోడ కొట్టేశారని, ఇప్పుడక్కడ టైల్స్ ఉన్నాయని వాడు చెప్పాడు. ఆ మధ్యలో మనిషి తన మేనత్త అనీ, ఇంకా బతికే ఉందనీ చెప్పినప్పుడు మాత్రం ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"తీసుకురాగలరా ఆవిణ్ణి? ఇంకో పదిహేను రోజులుంటాయి బొమ్మలు."

మరుసటి ఆదివారం కొత్తపట్నానికి నన్ను కూడా రమ్మన్నాడు వాడు. ఒక్కడే వెళ్తే మాట పెగలదన్నాడు. హాస్టలు వెనకాల ఒక గది, వరండా. ఎండుచేపల వాసన. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. చేటలో బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టలేదు.

"ఏరా, దారి తప్పొచ్చావా?"

"లేదత్తా, పనుండే వచ్చా."

"పని లేకపోతే ఎందుకొస్తావులే. ఈయనెవరు?"

నేను ఎవరినో చెప్పాను. మాస్టారు అనగానే కుర్చీ చూపించి, వాణ్ణి నేల మీదే కూర్చోనిచ్చింది. చిత్రకారుడి కూతురు గుంటూరు రమ్మన్న సంగతి చెప్పి, వాడు ఫోన్లో నమూనా ఫోటో చూపించాడు. ఆవిడ ఫోన్ దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. ముఖంలో నాకేమీ కనపడలేదు.

"కాగితం ఉంచుకున్నాడన్నమాట" అంది.

"అత్తా, ఆ రోజు నేను..."

"ఆ రోజు నీకేం తెలుసురా? మీ నాన్నకి తెలియాలి. ఆయన పోయాడు. ఇంక ఆ మాట ఎందుకు?" మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి, "గుంటూరు ఎప్పుడు పోవాలి? శనివారం అయితే హాస్టలు పిల్లలకి కూరలు తరగక్కర్లేదు" అంది. వంటపని మానేసి అయిదారేళ్ళయినా కూరలు మాత్రం ఇంకా ఆవిడే తరుగుతుందని అప్పుడు తెలిసింది.

ఆ శనివారం వాళ్ళిద్దరూ వాడి కారులో ఒంగోలు నుంచి వచ్చారు. నేను సత్తెనపల్లి నుంచి, షాపు మిత్రుడు షాపు నుంచి. ఆవిడ తెల్లచీర కట్టుకుని, చర్చికి వెళ్ళే చేతిసంచి పట్టుకుని మేడ మెట్లు మా అందరికంటే ముందు ఎక్కింది. చిత్రకారుడి కూతురు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఊళ్ళో పుట్టించిన మాట కూతురి దాకా చేరిందో లేదో నాకు తెలియదు. పెద్దావిడ మాత్రం ఆ మాట అక్కడితో ముగించేసింది.

"మీ నాన్న నాతో నాలుగు ముక్కలు మాట్లాడి ఎరగడమ్మా. కదలొద్దు అనేవాడు. అంతే."

"మాతో కూడా అంతేనండీ పెద్దమ్మా" అంది కూతురు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

బొమ్మ ముందు కుర్చీ వేశారు. పెద్దావిడ కూర్చుని, ముందు వరస నుంచి మొదలుపెట్టింది. వీడు గంట కొట్టేవాడు. ఇది మా పక్కింటి వాళ్ళ కోడలు, అప్పుడు కడుపుతో ఉంది, అందుకే పక్కకి కూర్చుంది. ఈ గడ్డపాయన పత్తి ఏకే సాయిబు, చర్చికి రాడు, బొమ్మ వేస్తున్నారని చూడ్డానికొస్తే కూర్చోబెట్టాడు. పేరు పేరునా చెప్పుకుంటూ పోతోంది. చిత్రకారుడి కూతురు సందర్శకుల పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటోంది. ఆవిడ చెయ్యి నొప్పెడితే నేను రాశాను. ముప్ఫై మందికి పైగా ఉన్నారు. ఇద్దరి పేర్లు మాత్రం గుర్తుకు రాలేదు. దానికి పెద్దావిడ చాలా ఇబ్బంది పడింది.

చివరికి మధ్యలో మనిషి దగ్గరికి వచ్చింది.

"ముఖం నాదే. చేతులు మాత్రం నావి కావు."

ఇన్‌స్పెక్టర్ వెనక నిలబడి ఉన్నాడు. "మరెవరివత్తా?"

"మీ అమ్మవి. నేను మిరప కోతకి పోతే ఆ రోజు నిలబడే మనిషి లేక మా వదినని అడిగాడు. ముఖం వెయ్యకపోతే నిలబడతానంది. మీ నాన్నకి తెలియనీలేదు. ఆ మణికట్టు చూడు, కాలిన మచ్చ ఉంటది. సంగటి కెలికేటప్పుడు కాలింది."

వాడు వంగి చూశాడు. గంపలోంచి రొట్టె తీస్తున్న కుడిచేతి మణికట్టు దగ్గర, పెన్సిలు గీతల మధ్య, వంకీలాంటి చిన్న మచ్చ ఉంది. నేను రెండుసార్లు చూసి కూడా దాన్ని నీడ అనుకున్నాను. వాడి తల్లి పోయి ఇరవై ఏళ్ళు దాటింది. సున్నం వేసిన రోజు ఆమె ఎక్కడుందో, ఏమందో వాడికి గుర్తు లేదట. అది తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం వరండాలోకి వెళ్ళిపోయాడు. షాపు మిత్రుడు వెంట వెళ్ళబోతే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్యి నాయనా. వాళ్ళమ్మని చూసుకుని చాలా రోజులైంది గదా."

పది నిమిషాలకు వాడు ముఖం కడుక్కుని వచ్చాడు. చీటీ మార్చాలన్నాడు. ఫలానా ఊరి ఫలానా మనిషి దీని మీద సున్నం వేశాడని, తన పేరుతో సహా రాయాలన్నాడు. చిత్రకారుడి కూతురు ఎటూ చెప్పలేక మా వైపు చూసింది.

"నీ పేరు ఎందుకురా అక్కడ? బొమ్మ వేసినోడి పేరు ఉంది, చాలు" అంది వాళ్ళత్త. "సున్నం వేశారని రాయండి. వాన అని రాస్తే అబద్ధం."

వాడు ఇంకా ఏదో అనబోయాడు గానీ ఆవిడ అప్పటికే కుర్చీలోంచి లేచింది. షాపు మిత్రుడు ఫోన్ చేసి అప్పటికప్పుడు కొత్త చీటీ వేయించాడు. వాక్యం నేను చెప్పాను. "మూల చిత్రంపై తర్వాత సున్నం వేశారు." వేశారు అన్నప్పుడు ఎవరు అన్న ప్రశ్న దానంతటదే పోతుంది. లెక్కల్లో అలా వదిలేస్తే మార్కులు తీసేస్తాను. ఇక్కడ నాకు అంతకంటే మంచి వాక్యం తట్టలేదు.

మిగిలిన బొమ్మలన్నీ ఆవిడ ఒక్కొక్కటే చూసింది. మిరప కల్లాల ముందు పెద్దగా ఆగలేదు. "ఇవి రోజూ చూసినయ్యే, చేసినయ్యేగా" అంది. కొత్తపట్నం పడవ దగ్గర మాత్రం వల అలా మడవరని, ఆయన సముద్రం దగ్గర రెండు రోజులకు మించి ఉండి ఉండడని చెప్పింది. చిత్రకారుడి కూతురు, నిజమే, ఒక్కరోజే వెళ్ళాడని ఒప్పుకుంది.

నమూనాకి కాపీ తీయించి ఇస్తానని షాపు మిత్రుడు అంటే, పెద్దావిడ ఫ్లెక్సీ అయితే వద్దు, కంపు కొడుతుంది, కాగితం మీదైతే ఇవ్వమంది. మూడు కాగితపు కాపీలు తీశాం. ఒకటి ఆవిడకి, ఒకటి ఇన్‌స్పెక్టర్‌కి. మూడోది వాళ్ళ ఊరి చర్చికి పంపాం, పేర్ల జాబితాతో సహా. ఇప్పుడున్న పాస్టరు గారు కుర్రవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పేర్లు చదివితే, పిల్లలు తమ తాతల పేర్లు వచ్చినప్పుడు చేతులెత్తారట. మర్చిపోయిన రెండు పేర్లలో ఒకటి అక్కడ దొరికింది. రెండోది దొరకలేదు. ఫ్రేము కట్టించాలా, గోడకు పెట్టాలా అన్నది కమిటీ ఇంకా తేల్చలేదు.

ఎగ్జిబిషన్ అయిపోయింది. రంగుల బొమ్మల్లో రెండింటిని ఆ మ్యూజియం ఉంచుకుంది. నమూనాని చిత్రకారుడి కూతురు ఇంటికి తీసుకెళ్ళింది.

అత్తా మేనల్లుళ్ళ మధ్య ఏం మారిందంటే నేను గట్టిగా చెప్పలేను. వాడు ప్రతి ఆదివారం చర్చి అవగానే ఆవిడకు ఫోన్ చేస్తున్నాడు. సరిగ్గా అన్నం తినే వేళకే చేస్తాడని, ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోడని, మొన్న నేను పలకరించినప్పుడు ఆవిడ విసుక్కుంది. ఆ మాట వాడికి చెప్పాను. అయినా ఆ వేళకే చేస్తున్నాడు, ఆవిడ ఎత్తుతూనే ఉంది.